జంట ఫ్యాన్ల మూలుగు: మూడో వారం

మళ్ళీ ఓడిపోయాను. రాత్రి పదకొండున్నరకి సీలింగ్ ఫ్యాన్ కట్టేసి, చెమటలు కారుకుంటూ, కంప్యూటర్ కేబినెట్ పక్కన నేలమీద పడుకుని చెవి ఒగ్గితే అదే శబ్దం. ఊఁ... ఊఁ... ఊఁ. పోయిన వారం సెకనుకోసారి వచ్చేది, ఇప్పుడు నాలుగైదు సెకన్లకోసారి వస్తోంది. ఇన్నాళ్ళూ కష్టపడి సాధించింది ఇదీ. నిజానికి ఇదే ఎక్కువ చిరాకు. సెకనుకోసారి వచ్చేదానికి చెవి అలవాటు పడిపోయింది. ఆగి ఆగి వచ్చేదాని కోసం అదే పనిగా ఎదురుచూస్తోంది.

మిగతాదంతా బావుంది. ప్రాసెసర్ మీద థర్మల్‌రైట్ జంట టవర్ కూలర్ ఉంది, ఆ ధరకి అంతకన్నా మంచిది నేనైతే చూళ్ళేదు. గ్రాఫిక్స్ కార్డుకి వోల్టేజీ తగ్గించాక దాని ఫ్యాన్లు తిరగడమే అరుదు.

గొడవంతా ముందువైపు గాలి లాగే రెండు 120 మి.మీ. ఫ్యాన్లతోనే. ఏడేసి రెక్కలు, గరిష్ఠం 1500 ఆర్పీఎం (నిమిషానికి చుట్లు). కంపెనీ పేరెందుకు లెండి, ఒకే రకం ఫ్యాన్లు రెండు పక్కపక్కన పెడితే ఎవరివైనా చేసే పనే ఇది. విడివిడిగా తిప్పితే ఏదీ కిక్కురుమనదు. రెండూ కలిస్తేనే పాట.

మొదట పట్టుకున్నది మా మామ్మ. పక్క గదిలోంచి, "ఏంట్రా అబ్బాయ్, రైసుమిల్లు గానీ పెట్టావా?" అంది. చెవుడని ఇంటిల్లిపాదీ అనుకుంటున్న మనిషి.

మా ఊరు భీమవరానికీ ఆకివీడుకీ మధ్యన. చుట్టూ రొయ్యల చెరువులే. రాత్రంతా ఏరియేటర్లు నీళ్ళు కొడుతూనే ఉంటాయి, ఆ హోరులో సన్నటి శబ్దాలు వినాలంటే కుదరదు. అందుకని కరెంటు పోవడం కోసం కాచుక్కూర్చుంటాను. కరెంటు పోయాక చెరువుల మీద జనరేటర్లు అందుకునేలోపు ఒక నిమిషమో, నిమిషంన్నరో ఊరంతా చెవులు మూసినట్టు అయిపోతుంది. కంప్యూటరు ఇన్వర్టర్ మీద నడుస్తుంటుంది కాబట్టి నా కొలతలన్నీ ఆ నిమిషంలోనే. వేసవిలో కరెంటు కోతని ఇష్టపడేవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మొదటి అనుమానం ఇన్వర్టర్ మీదికే పోయింది. మాది స్క్వేర్ వేవ్ రకం, ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్రాన్స్‌ఫార్మర్ దానికి రెట్టింపున మోగుతుంది కాబట్టి ఆ గుయ్యిమనడం 100 దగ్గర ఉండాలి. ఫోన్లో స్పెక్ట్రమ్ యాప్ పెట్టి చూస్తే గీత 107 దగ్గర ఉంది, పైగా కాస్త లావుగా. (డెసిబెల్స్ విషయంలో ఫోన్ని అసలు నమ్మను గానీ ఫ్రీక్వెన్సీ బానే చూపిస్తుంది.) ఇన్వర్టర్ కాదని తేలడానికే నాలుగు రాత్రులు పట్టింది.

తర్వాత స్క్రూల దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలు వాషర్లుగా వేశాను. తేడా లేదు. కేబినెట్ పక్క డోరు మీద అరచెయ్యి ఆనిస్తే శబ్దం కొంచెం మందగించింది గానీ ఆగలేదు. దాళ్వా కోతల దుమ్ముకి ఫిల్టర్ గోనెపట్టాలా తయారైతే అదీ కడిగాను. గాలి పెరిగింది, మూలుగు అలాగే ఉంది.

అసలు సంగతి లెక్క వేస్తే దొరికింది. రెక్క రెక్కకీ ఒక మోత కాబట్టి, 107 ని 60తో గుణించి రెక్కల సంఖ్య 7తో భాగిస్తే 917. మదర్‌బోర్డు చూపిస్తున్న ఆర్పీఎం సరిగ్గా అదే! మరి రెండో ఫ్యాన్? రెండు ఫ్యాన్లనీ ఒకే సాకెట్‌కి కలిపే స్ప్లిటర్ కేబుల్ ఒక్క ఫ్యాన్ ట్యాకోనే (వేగం చెప్పే పల్సులు) బోర్డుకి పంపిస్తుంది. రెండోదాని వేగం ఎంతో అన్నాళ్ళూ చూడనేలేదు. స్ప్లిటర్ పీకి చూస్తే 926. తేడా 9 ఆర్పీఎం, ఏడు రెక్కలు, కాబట్టి సెకనుకి 1.05 సార్లు. తంబురా తీగ శ్రుతి కలిసీ కలవనప్పుడు నాదం ఊగుతుంది చూడండి, అదే ఇది.

వేగాలు దూరం చేసేస్తే పోదా అంటారు. చేశాను. ఒకటి 780కి దించితే ఊగడం పోయింది గానీ 91 హెర్ట్జ్ దగ్గర పక్క డోరు రేకు అందుకుంది. 700కి దించితే గది 33 డిగ్రీలున్న రాత్రి ప్రాసెసర్ వేడి ఆరు డిగ్రీలు పెరిగింది. చలికాలంలో సరే, రోహిణి కార్తెలో కుదరదు.

అందుకని రెండిటినీ ఒకే వేగంతో నడిపిద్దామని ఆర్డుయినో నానో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు) దించాను. మదర్‌బోర్డు సెట్టింగుల్లో (బయోస్) ఫ్యాన్ వేగం ఒక్కో శాతం చొప్పునే కదులుతుంది, మనకి ఆ మెట్టు చాలా పెద్దది. నానోలో టైమర్1, ఐసీఆర్1 విలువ 320 (అంటే 320 మెట్లు), సరిగ్గా 25 కిలోహెర్ట్జ్ పల్సులు, 9, 10 పిన్నుల మీద రెండు ఫ్యాన్లకీ వేరువేరు డ్యూటీ (పల్సు ఆన్‌లో ఉండే వాటా, వేగం దాన్నిబట్టే). ట్యాకోలు 2, 3 పిన్నులకి.

మొదటి తెలివితక్కువ పని: సెకనుకి ఎన్ని పల్సులని లెక్కపెట్టాను. చుట్టుకి రెండు పల్సులే కాబట్టి ఒక్క పల్సు తేడా అంటే 30 ఆర్పీఎం. 9 తేడా పట్టుకోవాలని 30కో గీత ఉన్న స్కేలు పెట్టుకుని కూర్చున్నానన్నమాట. రెండు సాయంత్రాలు గంగలో కలిశాయి.

తర్వాత పల్సుల మధ్య కాలం కొలిచాను. 920 దగ్గర ఒక చుట్టుకి 65 మిల్లీసెకన్లు. అంకెలు బానే వస్తూ వస్తూ హఠాత్తుగా లక్షల ఆర్పీఎం చూపించేది. చెత్త పల్సుల మధ్య దూరం చూస్తే 40 మైక్రోసెకన్లు. అది 25 కిలోహెర్ట్జ్ కాలమే! ఆ పల్సులు మోసే పీడబ్ల్యూఎం వైరూ ట్యాకో వైరూ ఒకే ట్యాగుతో బిగించి కట్టిన పుణ్యం. వైర్లు విడదీసి, చెత్తని వడకట్టడానికి 10 కిలో ఓమ్ పుల్-అప్ రెసిస్టర్, 10 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టి, 5 మిల్లీసెకన్లలోపు వచ్చేవి కోడ్‌లో పారేశాను. అంకెలు నిలబడ్డాయి.

ఇక్కడే అసలు గోడ తగిలింది. 320 మెట్లు, 300 నుంచి 1500 దాకా వేగం. అంటే మెట్టుకి సుమారు 4 ఆర్పీఎం. ఎంత దగ్గరికి తెచ్చినా 2 ఆర్పీఎం తేడా మిగిలిపోతుంది, అదే నాలుగు సెకన్లకోసారి వచ్చే ఊఁ. పైగా ఒక్కోసారి రెండు మెట్లు పెంచినా ఫ్యాన్ ఉలకదు, మూడో మెట్టుకి 8 ఎగురుతుంది. ఫ్యాన్ లోపలి చిప్ కూడా డ్యూటీని తనకి తోచిన అంకెకి సర్దుకుంటోందని నా అనుమానం. అలాగైతే నా 320 మెట్లకి విలువే లేదు.

ఒకవేళ వేగాలు కచ్చితంగా కలిసినా రెక్కలు ఏ కోణంలో తగులుకుంటాయో దాన్నిబట్టి పెద్ద శబ్దం దగ్గర ఆగొచ్చు, చిన్నదాని దగ్గర ఆగొచ్చు. కాబట్టి చివరికి వేగం కాదు, కోణం పట్టుకోవాలి. ట్యాకో అంచు కోణం చెబుతుంది, ఏ కోణం దగ్గర నిశ్శబ్దమో మామ్మ చెబుతుంది.

రెండు మెట్ల మధ్య డ్యూటీని మారుస్తూ పోతే, నాలుగింట ఒకసారి పై మెట్టు, మూడుసార్లు కింది మెట్టు, రోటర్ (తిరిగే భాగం) బరువే దాన్ని సర్దేస్తుందేమో చూడాలి. ఈ ఆదివారం పని అదే. కుదరకపోతే ఒకదాన్ని తీసి తొమ్మిది రెక్కల నోక్టువా కంపెనీ ఫ్యాన్ పెట్టేస్తాను. 920 దగ్గర దాని శబ్దం 138 హెర్ట్జ్, 107తో దానికి పేచీ ఉండదు. ఆ కొబ్బరి పీచు రంగు నాకు నచ్చదు గానీ వాళ్ళదే రెడక్స్ రకం అయితే బూడిద రంగులో వస్తుంది, ధరా కాస్త తక్కువ. నానో ఖాళీ అయితే ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్ పెట్టి దానికో చిన్న ఫ్యాన్ తగిలించాలని ఉంది. మామ్మ మంచం అటువైపే, ముందు ఆవిణ్ణి అడగాలి.