పిరేయస్ జట్టు, మెల్‌బోర్న్ తెల్లవారుజాము

మా అబ్బాయి పుట్టింది మెల్‌బోర్న్‌లో, ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో మాట్లాడేది ఇంగ్లీషు. వాడు ప్రాణం పెట్టుకున్నది మాత్రం గ్రీసులోని పిరేయస్ రేవు పట్టణానికి చెందిన ఒలింపియాకోస్ అనే ఫుట్‌బాల్ క్లబ్ మీద. దీనికి కారకులు మా పక్కింటివారు. గ్రీసు బయట గ్రీకులు పెద్ద సంఖ్యలో స్థిరపడిన నగరాల్లో మెల్‌బోర్న్ ఒకటి. మేముండే ఓక్లీ ప్రాంతంలో కాఫీ దుకాణాల ముందు కూర్చున్న పెద్దల మాటలు సగానికి సగం గ్రీకులోనే వినిపిస్తాయి. పక్కింటి పిల్లవాడూ మావాడూ ఒకే తరగతి. ఆ ఇంట్లో తాతగారు ఏఈకే ఏథెన్స్ పక్షం, ఆయన అల్లుడు ఒలింపియాకోస్ పక్షం. మామా అల్లుళ్ల వాదన ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. మావాడు అల్లుడుగారి వైపు చేరాడు.

విదేశాల్లో పిల్లల్ని పెంచే మన తెలుగువాళ్లం మన సంస్కృతిని వాళ్లకు ఎక్కువగా బహుమతుల వేదిక మీదనే చూపిస్తాం. శ్లోకాల పోటీ, కూచిపూడి అరంగేట్రం, ఉగాది సంబరాల్లో జ్ఞాపిక, ఎక్కడో పెద్ద సంస్థకు అధిపతి అయిన తెలుగువాడి ఫోటో. పక్కింటివారు తమ పిల్లవాడికి అప్పగిస్తున్నది ఇందుకు పూర్తిగా భిన్నమైనది. యూరప్ పోటీల్లో గ్రీకు క్లబ్బులు అర్ధ శతాబ్దానికి పైగా ఓడిపోయిన వైనాన్ని వాళ్లు ఏ దాపరికమూ లేకుండా, ఒక్కోసారి నవ్వుతూ, ఒక్కోసారి నిజంగా కోపంతో, పూసగుచ్చినట్టు చెబుతారు. పక్కన కూర్చున్నందుకు మావాడికీ అదంతా కంఠస్థమైంది. వేమన పద్యాలు అప్పగించమంటే తడబడే పిల్లవాడు 1971లో వెంబ్లీలో ఏం జరిగిందో గుక్క తిప్పుకోకుండా చెబుతాడు.

1971లో హంగరీ మేటి ఆటగాడు ఫెరెంక్ పుష్కాష్ శిక్షణలో ఏథెన్స్ క్లబ్ పనాథినైకోస్ యూరోపియన్ కప్ (నేటి ఛాంపియన్స్ లీగ్) ఫైనల్ చేరింది. సెమీఫైనల్లో బెల్‌గ్రేడ్‌లో రెడ్‌స్టార్ చేతిలో 4-1తో ఓడి, ఏథెన్స్‌లో 3-0తో గెలిచి, రెండు మ్యాచ్‌ల మొత్తం సమానం కావడంతో బయటి మైదానంలో కొట్టిన ఒకే ఒక్క గోల్ బలంతో ఫైనల్‌కు వెళ్లింది. లండన్‌లోని వెంబ్లీలో జరిగిన ఆ ఫైనల్లో క్రైఫ్ ఆడే డచ్ జట్టు అయాక్స్ 2-0తో గెలిచింది. ఆ తర్వాత ఏ గ్రీకు క్లబ్బూ ఆ కప్ ఫైనల్ చేరలేదు. పనాథినైకోస్ 1985లో లివర్‌పూల్ చేతిలోనూ, 1996లో మళ్లీ అయాక్స్ చేతిలోనూ సెమీఫైనల్లో ఆగిపోయింది. రెండోసారి ఆమ్‌స్టర్‌డామ్‌లో 1-0తో గెలిచి వచ్చి, సొంత ఊళ్లో 3-0తో ఓడింది.

మావాడికి వీటన్నింటికంటే ఇష్టమైన కథ ఏఈకేది. 2002-03 ఛాంపియన్స్ లీగ్ గ్రూపు దశలో ఆ జట్టు ఆరు మ్యాచ్‌లు ఆడి ఆరింటినీ డ్రా చేసుకుంది. రియల్ మాడ్రిడ్ ఉన్న గ్రూపులో ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, అయినా ముందుకు వెళ్లలేదు. 2018-19లో అదే క్లబ్ ఆరుకు ఆరూ ఓడింది. తాతగారు ఈ రెండు సంవత్సరాలనూ ఒకే స్వరంతో చెబుతారు. ఒలింపియాకోస్ విషయానికి వస్తే, ఛాంపియన్స్ లీగ్‌లో పరాయి మైదానంలో తొలి గెలుపు కోసం అది ముప్ఫై ఒక్క మ్యాచ్‌లు ఎదురుచూసింది. 2007లో బ్రెమెన్‌లో 3-1తో ఆ దాహం తీరింది. 1999 క్వార్టర్ ఫైనల్లో మరికొద్ది నిమిషాలు నిలబడితే సెమీఫైనల్ చేరేది. అప్పుడు యువెంటస్ తరఫున కోంటె 85వ నిమిషంలో గోల్ కొట్టాడు. 2004 డిసెంబరులో లివర్‌పూల్‌లో రివాల్డో గోల్‌తో ముందంజ వేసి, చివరికి 86వ నిమిషంలో జెరార్డ్ కొట్టిన షాట్‌తో ఇంటిదారి పట్టింది. లివర్‌పూల్ ఆ సీజన్ కప్పే గెలిచింది. ప్రపంచమంతా ఆ గోల్‌ను లివర్‌పూల్ వైపు నుంచి చూసింది. మా వీధిలో దాన్ని ఇటువైపు నుంచి చెబుతారు. ఒకే సంఘటనకు రెండు వైపులుంటాయని పిల్లవాడికి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఎందుకు ఇలా ఓడుతూనే ఉంటారని మావాడు ఒకసారి అడిగితే పక్కింటి తండ్రి కాగితం తీసి లెక్క వేసి చూపించాడు. ఆ కాగితం కొన్నాళ్లు మా ఫ్రిజ్ తలుపు మీద ఉంది. యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య ఒక దేశపు క్లబ్బులన్నీ తెచ్చిన పాయింట్లను కలిపి, ఎన్ని క్లబ్బులు పాల్గొన్నాయో ఆ సంఖ్యతో భాగిస్తుంది. గెలిస్తే రెండు, డ్రా అయితే ఒకటి, అర్హత పోటీల్లో అందులో సగం. ఐదేళ్ల మొత్తాన్ని బట్టి ఆ దేశానికి ఎన్ని స్థానాలివ్వాలో, ఏ దశ నుంచి ఆడించాలో నిర్ణయిస్తారు. ఉమ్మడి కుటుంబంలో ఒకడు చేసిన అప్పు అందరి మెడకూ చుట్టుకున్నట్టు, నాలుగో స్థానంలో వచ్చిన క్లబ్ జూలైలో ఎక్కడో ఓడితే, ఆ ఫలితం తర్వాత ఛాంపియన్‌కూ తగులుతుంది. ర్యాంకు తగ్గితే దేశపు ఛాంపియన్ కూడా సీజన్ మొదలుకాకముందే, కొత్తగా కొన్న ఆటగాళ్లు ఇంకా ఒకరికొకరు అలవాటుపడకముందే అర్హత పోటీలు ఆడాలి. అక్కడ ఓడితే ఛాంపియన్స్ లీగ్ డబ్బు రాదు, డబ్బు రాకపోతే మంచి ఆటగాడు నిలవడు. 2022 జూలైలో ఒలింపియాకోస్ తన సొంత కరాయిస్కాకిస్ మైదానంలోనే మక్కాబి హైఫా చేతిలో 4-0తో ఓడింది. అదే వేసవిలో పనాథినైకోస్, పావోక్, ఆరిస్ అనే గ్రీకు క్లబ్బులు కూడా అర్హత దశలోనే వెనుదిరిగాయి.

దీని వెనుక ఇంకా పెద్ద కారణాలున్నాయి. గ్రీసు జనాభా కోటి పైచిలుకు. టీవీ హక్కుల ఆదాయం ఇంగ్లండు, జర్మనీలతో పోల్చదగినది కాదు. 2010 నాటి రుణ సంక్షోభం క్లబ్బుల్ని కూడా ముంచింది. 2013లో ఏఈకే అప్పులతో కుప్పకూలి మూడో శ్రేణికి దిగింది. పాత స్టేడియాన్ని 2003లో కూల్చేశాక 2022 వరకు దానికి సొంత మైదానమే లేదు. పైన ఒక్క క్లబ్ బలిసి, 2011 నుంచి 2017 దాకా ఒలింపియాకోస్ వరుసగా ఏడు లీగ్ టైటిళ్లు గెలిచింది. స్వదేశంలో పోటీ లేకుండా గెలిచే జట్టుకు యూరప్‌లో దెబ్బ తట్టుకునే అలవాటు ఉండదు కదా అని తాతగారి వాదన. అది అల్లుడికి గిట్టదు, నాకు మాత్రం సబబుగానే తోస్తుంది.

ఏఈకే చొక్కా మీది రెండు తలల గద్దను చూసి మావాడు, ఇది గుడి స్తంభం మీద మీరు చూపించిన గండభేరుండం కదా నాన్నా అన్నాడు. దానితో దీనికి సంబంధం లేదు, ఇది బైజాంటియం సామ్రాజ్యపు చిహ్నం. కానీ ఆ ప్రశ్న వల్ల తాతగారు తమ కుటుంబ చరిత్ర విప్పారు. 1922లో ఆసియా మైనర్‌లో (నేటి టర్కీలో) గ్రీకు సేన ఓడిపోయాక, ఆ మరుసటి ఏడాది లోసాన్‌లో కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందంతో కలిపి, సుమారు పన్నెండు లక్షల మంది కట్టుబట్టలతో గ్రీసు చేరారు. కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నుంచి వచ్చినవారు 1924లో ఏథెన్స్‌లో ఏఈకేను, 1926లో థెస్సలొనీకిలో పావోక్‌ను స్థాపించారు. పావోక్ రంగుల్లో నలుపు పోయిన ఊరికి సంతాపమని, తెలుపు ఆశ అని అక్కడివారు చెబుతారు. తాతగారి తల్లిదండ్రులు ఆ శరణార్థులే. వారి కొడుకు మళ్లీ ఓడెక్కి ఆస్ట్రేలియా వచ్చాడు. ఉద్యోగ వీసా మీద విమానంలో వచ్చిన నేను ఈ వలసనూ ఆ వలసనూ ఒకే గాటన కట్టను. మావాడికి కూడా ఆ తేడా చెప్పాను.

ఈ అభిమానంలో నాకు నచ్చనిదీ ఉంది. 2023 ఆగస్టులో, డినామో జాగ్రెబ్‌తో మ్యాచ్ ముందురోజు రాత్రి, ఏథెన్స్‌లోని నీయా ఫిలడెల్ఫియాలో ఏఈకే అభిమాని ఒకడిని పొడిచి చంపారు. ఆ డిసెంబరులో హింస మరీ పెరిగి, ప్రభుత్వం రెండు నెలల పాటు దేశవాళీ లీగ్ మ్యాచ్‌లను ప్రేక్షకులు లేకుండా ఆడించింది. ఆ వార్తలు వచ్చినప్పుడు నా భార్య ఇక ఈ పిచ్చి చాలనే అంది. పక్కింటి అల్లుడు మావాడినీ తన కొడుకునూ కూర్చోబెట్టి, తాను చిన్నప్పుడు పాడిన కొన్ని నినాదాలు ఇప్పుడు తన ఇంట్లో ఎందుకు పాడనివ్వడో చెప్పాడు. బయటి దేశంలో పెరిగే పిల్లలకు సొంత దేశం అందంగా మాత్రమే కనబడాలని ఆయన అనుకోలేదు. మన ఊళ్ల హీరోల అభిమాన సంఘాల గొడవల గురించి, కులం పేరు మీద విడిపోయిన ఇక్కడి మన సంఘాల గురించి నేను పిల్లవాడితో ఇంత సూటిగా మాట్లాడగలనా అని చాలాసార్లు ఆలోచించాను.

2024 మే 29న ఏథెన్స్‌లో యూరప్ క్లబ్బుల మూడో శ్రేణి పోటీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్. మాకు అది గురువారం తెల్లవారుజాము ఐదు గంటలు. అప్పటికే ఒలింపియాకోస్ ఎవరూ ఊహించని పనులు చేసి వచ్చింది. మక్కాబి టెల్ అవీవ్ చేతిలో సొంత మైదానంలో 4-1తో ఓడి, రెండో మ్యాచ్‌లో 6-1తో గెలిచింది. ఫెనర్‌బాచేపై గోలీ జోలాకిస్ మూడు పెనాల్టీలు ఆపాడు. సెమీఫైనల్లో ఆస్టన్ విల్లాపై మొరాకో ఆటగాడు అయూబ్ ఎల్ కాబి రెండు మ్యాచ్‌ల్లో ఐదు గోల్స్ కొట్టాడు. ఫైనల్ వేదిక నీయా ఫిలడెల్ఫియాలోని ఏఈకే కొత్త స్టేడియం కావడం తాతగారికి మింగుడుపడలేదు. అయినా అందరికంటే ముందే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నా భార్య ఇడ్లీల గిన్నె తీసుకొచ్చింది, వాళ్లు చీజ్ పొరల పిండివంట పెట్టారు. తొంభై నిమిషాలకు గోల్ లేదు. అదనపు సమయంలో 116వ నిమిషాన ఎల్ కాబి ముందుకు దూకి తలతో బంతిని లోపలికి పంపాడు. వెంటనే ఆఫ్‌సైడ్ పరిశీలన మొదలైంది. ఆ కాసేపు గదిలో ఎవరూ మాట్లాడలేదు. పక్కింటి అల్లుడు టీవీకి వీపు చేసి గోడవైపు తిరిగి నిలబడ్డాడు, మావాడు ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. గోల్ చెల్లింది. ఫియొరెంటినాపై 1-0. ఒక గ్రీకు క్లబ్ యూరప్ కప్పు గెలవడం అదే మొదలు. తాతగారు చప్పట్లు కొట్టలేదు, కానీ అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు.

ఈ నగరానికి ఆ ఓటముల కథతో సూటిగా ఉన్న బంధం కూడా మావాడికి అక్కడే తెలిసింది. వెంబ్లీ ఫైనల్‌కు పనాథినైకోస్‌ను తీసుకెళ్లిన పుష్కాష్ ఆ తర్వాత 1989 నుంచి 1992 దాకా ఇక్కడి గ్రీకు వలసదారుల క్లబ్ సౌత్ మెల్‌బోర్న్ హెల్లాస్‌కు శిక్షకుడు. ఇంగ్లీషు అంతంతమాత్రం, గ్రీకు మాత్రం వచ్చు. అందుకని జట్టు నాయకుడు ఆంజ్ పోస్టెకోగ్లు ఆయనను కారులో తిప్పుతూ, ఆయన గ్రీకులో చెప్పింది జట్టుకు ఇంగ్లీషులో చెప్పేవాడు. ఏథెన్స్‌లో పుట్టి ఐదేళ్ల వయసులో ఇక్కడికి వచ్చిన ఆ పోస్టెకోగ్లు 2025లో టోటెన్‌హామ్ శిక్షకుడిగా యూరోపా లీగ్ గెలిచాడు. ఇంట్లో గ్రీకు మాట్లాడటం ఎందుకని ఎప్పుడూ గొణిగే పక్కింటి పిల్లవాడు ఆ కథ విన్నాక శనివారపు గ్రీకు బడికి గొడవ చేయకుండా వెళుతున్నాడని వాళ్లమ్మ చెప్పింది. ఎంతకాలమో చూడాలి.

మరి మాకు ఏ క్లబ్ ఉంది నాన్నా అని మావాడు అడిగినప్పుడు సికింద్రాబాద్‌లో ఉన్న మా నాన్నగారికి వీడియో కాల్ కలిపాను. ఆయన చెప్పింది నాకే కొత్త. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. దాని శిక్షకుడు హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడు. “ఒరేయ్ మనవడా, నువ్వుండే ఊళ్లోనే రా అదంతా” అని ఆయన గట్టిగా నవ్వారు. ఆ తర్వాత ఏమైందని వీడు అడిగాడు. హైదరాబాద్ ఫుట్‌బాల్ క్రమంగా తెరమరుగైంది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఆర్థిక ఇబ్బందులతో చితికిపోయి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీ వెళ్లిపోయింది. మూడో శ్రేణిలో పడిన ఏఈకేను దాని జనం వదల్లేదు. మా ఊరి క్లబ్ ఊరు మారిపోతే పట్టించుకున్నవాళ్లు తక్కువ. నాకు దీని మీద కోపమే ఉంది, దాన్ని పిల్లవాడి ముందు దాచలేదు. ఇప్పుడు వాడు ఆదివారాలు తాతకు ఫోన్ చేసి రహీం గురించే అడుగుతాడు. తెలుగు తడబడుతూనే ఉంటుంది, మాటలు మాత్రం ఆగవు.

కప్పు గెలిచాక ఒలింపియాకోస్ కష్టాలు తీరాయనుకుంటే పొరపాటు. 2025 అక్టోబరులో ఛాంపియన్స్ లీగ్‌లో బార్సెలోనా 6-1తో చితక్కొట్టింది. నవంబరులో రియల్ మాడ్రిడ్ పిరేయస్ వచ్చినప్పుడు మాకు ఉదయం ఏడు గంటలు, అదీ బడి ఉన్న రోజు. మొదట గోల్ కొట్టింది మనవాళ్లే, ఆ తర్వాత ఎంబాపె ఏడు నిమిషాల్లో మూడు కొట్టాడు, విరామం తర్వాత నాలుగోది. ఎల్ కాబి 4-3 చేసినప్పుడు మేం కారులో బడి దగ్గర్లో ఉన్నాం. ఆట ముగిసేదాకా మావాడు దిగలేదు, నేనూ దిగమనలేదు. ఆలస్యానికి కారణం రాయాల్సిన చోట నేను కుటుంబ వ్యవహారం అని రాసి సంతకం పెట్టాను.