పదకొండో డాలరు

ఫ్రిజ్ మీద ఒక డాలరు బిళ్ళ ఉంది. పొద్దున పదిన్నర నుంచీ అక్కడే ఉంది. దాన్ని తీసి నా పర్సులో వేసుకుంటే అత్తయ్య మాట కొట్టేసినట్టు. అత్తయ్య చేతిలో పెడితే మొహాన కొట్టినట్టు. చిన్నదాని డబ్బాలో వేస్తే దానికి బహుమతి ఇచ్చినట్టు. ఈయన్ని తియ్యమంటే "బిళ్ళేగా, ఉండనీ" అని మళ్ళీ క్రికెట్‌లో పడ్డారు. పన్నెండు కావస్తోంది, నిద్ర రావడం లేదు. ఇదిగో, మీ ప్రాణం తియ్యడానికి వచ్చాను.

ఇవాళ ఇక్కడ సింగపూర్‌లో చైనీస్ కొత్త సంవత్సరం. గుర్రం ఏడాది మొదలు. మొన్న ఆదివారమే శివరాత్రి అయింది కదా, జాగారం అని మొదలుపెట్టి పదకొండింటికే సోఫాలో ఒరిగిపోయాను, ఆ సంగతి ఎవరూ ఎత్తొద్దు. క్యాలెండర్ చూసిన దగ్గర్నుంచీ అత్తయ్య ఒకటే గొణుగుడు. "అమావాస్య నాడు ఏడాది మొదలెట్టుకోవడం ఏవిటమ్మాయ్? పైగా గ్రహణం కూడాను." గ్రహణం ఎక్కడో అంటార్కిటికాలో కనిపిస్తుంది, మనకి పట్టింపు లేదత్తయ్యా అన్నాను. అమావాస్య సంగతీ చెప్పాను. మనకి అమావాస్య వెళ్ళాక పాడ్యమితో నెల మొదలవుతుంది, వాళ్ళకి అమావాస్య వచ్చిన రోజే నెలలో ఒకటో తేదీ, అంతే తేడా అని. "అదే కదా నేనూ అంటున్నది" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే అత్తయ్య చీపురు పట్టుకుంటే చిన్నది పరిగెత్తుకొచ్చి లాక్కుంది. ఇవాళ ఊడిస్తే అదృష్టం బయటికి పోతుందట. అత్తయ్య కిమ్మనకుండా ఇచ్చేశారు. దీపాలు పెట్టాక ఊడిస్తే లక్ష్మి వెళ్ళిపోతుందని తెనాలిలో మా ఆడపడుచుల చేతుల్లోంచి ఎన్నిసార్లు లాక్కునుంటారో. అప్పుడే అనుకున్నాను, ఇవాళ బాగా గడుస్తుందని. అలా అనుకోకూడదు.

ఎదురింటి ఆంటీ వాళ్ళింటికి వెళ్ళడానికి రెండు కమలాలు, ఎర్ర కవరు తీసిపెట్టాను. ఆవిడ మనవడు వచ్చి ఉన్నాడు. ఇక్కడ ఆ కవర్లని ఆంగ్‌పావ్ అంటారు, పెళ్ళయినవాళ్ళు పిల్లలకి ఇస్తారు. రెండు కమలాలెందుకో అత్తయ్యకి నేను చెప్పాల్సిన పనే లేకపోయింది. "ఒంటి పండు ఎవరిస్తారు, తాంబూలంలో రెండేగా పెడతాం" అన్నారు. మన రెండూ తీసుకుని తిరిగి వాళ్ళ రెండు మనకిస్తారని చెబితే ఇంకా నచ్చింది. తర్వాత కవరు తెరిచి చూశారు. పది డాలర్ల నోటు.

"పదా? సున్నాతో ఇస్తారా ఎవరైనా?"

నేను అడ్డం పడేలోపే ఆవిడ పర్సులోంచి ఒక డాలరు బిళ్ళ తీసి లోపల వేసేశారు. సున్నా అంటే అక్కడితో తెగిపోయినట్టు, ఒకటి వేస్తే లెక్క నడుస్తున్నట్టు. ఆవిడ లెక్క అది, నా లెక్కా అదే. ఇక్కడ సరిసంఖ్యలో ఇవ్వాలని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. ఎవరు చూడొచ్చారులే అనుకున్నాను.

చిన్నది చూసింది. కారిడార్‌లో, ఆంటీ గుమ్మానికి నాలుగడుగుల దూరంలో, కవరు చేతిలో పట్టుకోగానే బిళ్ళ తగిలింది. తీసేసింది. "నానమ్మా, ఇది రాంగ్. ఆడ్ నంబర్ ఫ్యునరల్‌కి ఇస్తారు." ఇంగ్లీషులో, వాళ్ళ టీచర్ గొంతుతో, వేలు చూపించి మరీ.

అత్తయ్యకి ఇంగ్లీషు రాదనుకుంటారు అందరూ. ఫ్యునరల్ అన్న ముక్క అర్థమైంది. మొహం ఎర్రబడింది. "నా చేత్తో ఇచ్చేది చావు డబ్బా?" అంటుండగానే ఆంటీ తలుపు తీసింది. అందరం నవ్వులు తగిలించుకుని లోపలికి వెళ్ళాం. బిళ్ళ నా గుప్పిట్లో ఉండిపోయింది, తిరిగొచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను.

ఇది రాయాలనే కూర్చున్నాను గానీ, నాకు చిరాకు చిన్నదాని మీద కాదు. మధ్యాహ్నం దాకా దాని మీదే అనుకున్నాను, రెండు కేకలు కూడా వేశాను.

దానికి ఈ పద్ధతులన్నీ పనిగట్టుకుని నేర్పించింది నేను. కొత్తగా చేరినవాళ్ళ కోసం ఒక్క ముక్క: ఇక్కడి బడిలో ఇంగ్లీషుతో పాటు "మాతృభాష" అని ఒక సబ్జెక్టు తప్పనిసరి. చైనీస్, మలయ్, తమిళం ఉన్నాయి. తమిళులు కాని మన దేశం వాళ్ళకి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ ఉన్నాయి. తెలుగు లేదు. మాతృభాష అన్న గడిలో అమ్మ భాష తప్ప అన్నీ ఉన్నాయన్నమాట. మనవాళ్ళు చాలామంది హిందీయో తమిళమో తీసుకుంటారు. ఎటూ మనది కానిదే రాయాలి కదా, చిన్నది నడక నేర్చింది ఎదురింటి ఆంటీ వేలు పట్టుకుని, దానికి ముందు ఒంటికి పట్టిన మాటలు ఆవిడవే, చైనీస్ రాయిద్దామన్నాను. రాసి అడిగాం, ఒప్పుకున్నారు. అంతే కథ.

కానీ మన వాట్సాప్ గ్రూపులో ఆ కథ ఎవరికీ నచ్చదు. "మంచి ఇన్వెస్ట్‌మెంట్!" అన్నారొకరు. "రేపు షాంఘైలో ఉద్యోగం రెడీ" అన్నారింకొకరు. పండగ ఫోటో పెడితే "సూపర్ ఎక్స్‌పోజర్." ఎక్స్‌పోజరేంటండీ, అదేమన్నా ఫిల్మా? ఆరేళ్ళ పిల్ల పక్కింట్లో లడ్డూ లాంటి బిస్కట్లు తినొస్తే దానికి కూడా రాబడి లెక్కా?

దాన్ని మించింది ట్యూషన్ సెంటర్. పేరు చెప్పను. అక్కడ కౌంటర్‌లో అమ్మాయి ఫారం చూసి, మా మొహాలు చూసి, "ఇంట్లో మాట్లాడని పిల్లల బ్యాచ్" అని ఒక స్టిక్కర్ అంటించింది. ఫైలు మీద. ఇంకా నయం, పిల్ల నుదుటి మీద అంటించలేదు. సరే, నిజమే, మాట్లాడం. మొన్న వారం జరిగింది మాత్రం నేను మర్చిపోలేను. చైనీస్ ఉచ్చారణ ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు కదా, అక్కడ బి అని రాసుంటే అది మన బ కాదు, ప. పి అని రాసుంటే ప కింద వత్తు. ఫలం అన్నప్పుడు మా తెలుగు మాస్టారు పట్టుబట్టి పలికించే ఫ, ఫ్యానులో ఫ కాదు. అలాగే జి ఉంటే క, కె ఉంటే ఖ. డి ఉంటే త, టి ఉంటే థ. ఇంగ్లీషు వాళ్ళు నెలల తరబడి కిందామీదా పడేది ఇదే. మనకి ఒకటో తరగతిలోనే గుణింతాలతో పాటు పోసేశారు! ఇది కనిపెట్టిన రోజు వంటింట్లో గెంతాను. చిన్నదాని వర్క్‌షీట్ అంచున పెన్సిల్‌తో ప, ఫ, క, ఖ, త, థ రాసిచ్చాను. ఎనిమిదికి పా, భయానికి ఫా. టక్కున పట్టేసింది.

ఆ షీటు తిరిగొచ్చింది. నా అక్షరాలన్నీ రబ్బరుతో తుడిచేసి, కింద ఎర్ర పెన్నుతో ఒక ముక్క: వేరే లిపి రాయకండి, పాప కన్‌ఫ్యూజ్ అవుతుంది. పూర్తిగా చెరగలేదు, థ పొట్టలో చుక్క మిగిలింది. పదకొండు డాలర్లు గుర్తొస్తే వచ్చే కోపం కంటే ఆ చుక్క గుర్తొస్తే వచ్చే కోపం ఎక్కువ. టీచర్ తప్పేముంది, ఆవిడకి అవి గీతలు. అని ఈయన. అంత న్యాయంగా మాట్లాడేవాళ్ళు ఇంట్లో ఉండకూడదు.

ఆంటీ ఇంట్లో మాత్రం అంతా బాగానే జరిగింది. అది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. చిన్నది అత్తయ్యకి "కుంగ్ షీ ఫా చాయ్" నేర్పింది. ఆ చా ఛాయ్‌లోది కాదు, మన చాపలో, చలిలో ఉండేదే, కింద వత్తుతో. అత్తయ్య నోట అది ఎంత శుభ్రంగా వచ్చిందంటే ఆంటీ చప్పట్లు కొట్టింది. విచిత్రం ఏమిటంటే చైనీస్‌లో ఆ చా సరిగ్గా పలికే మా పిల్ల, తెలుగులో "చలి"ని చైర్‌లో చ తో అంటుంది. తర్వాత ఇద్దరూ వేళ్ళ మీద లెక్కలు. ఆంటీ 1966లో పుట్టింది, గుర్రం ఏడాది. అత్తయ్యదీ 1966, పరాభవ. అరవై ఏళ్ళ చక్రం వాళ్ళకీ ఉంది, మనకీ ఉంది. ఆవిడ గుర్రం ఇవాళ తిరిగొచ్చింది, అత్తయ్య పరాభవ ఉగాదికి, మార్చి 19న వస్తోంది. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, మధ్యలో దుబాసీ ఆరేళ్ళది. కారిడార్‌లో అంత మాట అన్నదే అక్కడ కూర్చుని "నానమ్మ అంటోంది..." అని ముద్దుగా చెబుతుంటే దాన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో తెలియలేదు.

"అమ్మా, నీలో గుర్రం ఉంది" అంది తిరిగొచ్చాక. అమ్మకి వాళ్ళు రాసే అక్షరంలో ఎడమ పక్క స్త్రీ, కుడి పక్క గుర్రం. గుర్రం శబ్దం కోసమేనట. స్వరం మారిస్తే మా అంటే అమ్మ, మా అంటే గుర్రం, మా అంటే తిట్టడం. మూడూ కలిపితే అమ్మ గుర్రాన్ని తిడుతోంది అని ఒక వాక్యం కూడా ఉంది. అప్పటికి నేను దాన్ని తిట్టి పావుగంట అయింది.

ఇప్పుడు అసలు సంగతి. ఇందాక పక్క మీద దొర్లుతుంటే మా తాతయ్య గుర్తొచ్చారు.

పిన్ని పెళ్ళి. నాకు ఎనిమిదేళ్ళుంటాయి. పందిట్లో ఓ పక్క చిన్న బల్ల, దాని ముందు తాతయ్య, పొడుగు నోటుబుక్కు, మైకు. ఒకరి తర్వాత ఒకరు చదివింపులు. "ఫలానా వారు నూట పదహార్లు!" అని మైకులో చదవడం మావయ్య పని, డబ్బు లెక్కపెట్టి రేకు డబ్బాలో వెయ్యడం నా పని. నాకప్పటికి అంత గొప్ప ఉద్యోగం మళ్ళీ రాలేదు, ఇప్పటికీ రాలేదు. మైకు గరగరలాడుతోంది, ఉక్క, మల్లెపూల వాసన, ఎవరో నా నెత్తి మీద అక్షింతలు రాల్చిపోయారు. ఒకాయన వచ్చారు. చొక్కా భుజం దగ్గర కుట్టు వేసుంది. మడిచిన నోట్లు, చిల్లర తాతయ్య చేతిలో పెట్టి పక్కన నిలబడ్డారు. నేను లెక్కపెట్టాను. నూట పదిహేను. మళ్ళీ లెక్కపెట్టాను. "తాతయ్యా, ఒకటి త..." అని గొంతు ఎత్తానో లేదో, బల్ల కింద ఆయన కాలు నా కాలి మీద పడింది. గట్టిగా. బుక్కులో నూట పదహారు అని రాశారు. మావయ్య నూట పదహార్లు అని చదివాడు. ఆయన నమస్కారం పెట్టి భోజనాల వైపు వెళ్ళిపోయారు. తాతయ్య లాల్చీ జేబులోంచి ఒక రూపాయి తీసి, నా వైపు చూడకుండానే, డబ్బాలో వేశారు.

ఆ పెళ్ళిలో లడ్డూలు ఎలా ఉన్నాయో గుర్తు లేదు. కాలి నొప్పి గుర్తుంది.

నూట పదహారు ఎందుకని ఆయన్నడిగితే నిజాం రూపాయలూ, ఇంగ్లీషు వాళ్ళ రూపాయలూ, మారకం అని ఏదో చెప్పేవారు. నూరు ఇంగ్లీషు రూపాయలకి నూట పదహారు నిజాం రూపాయలట. నిజమో కాదో, నాకు మాత్రం ఆ చివరి రూపాయే కనిపించేది.

ఇదంతా తల్చుకుంటూ, అది మన పద్ధతి, ఇది వాళ్ళ పద్ధతి, రెండూ ఎప్పటికీ కలవవు, పిల్ల రెంటి మధ్యా నలుగుతుంది అని బరువైన వాక్యం ఒకటి ఇక్కడ రాయబోయాను. రాస్తూ రాస్తూ ఆగిపోయాను. నూట పదహారు సరిసంఖ్య.

నవ్వకండి. ఇన్నేళ్ళుగా తెలీదు. యాభయ్యొకటి, నూటొకటి బేసి. నూట పదహారు సరి, వెయ్యిన్నూట పదహార్లూ సరే. సున్నాతో ముగియదు, అందులో నాలుగు లేదు. వాళ్ళకి నాలుగు పలికితే చావులా వినిపిస్తుందని పడదు, ఎనిమిదైతే కలిసిరావడంలా వినిపిస్తుందని ఇష్టం. పదహారు అంటే రెండు ఎనిమిదులు! మా ట్యూషన్ సెంటర్ వాళ్ళకి ఇది చెప్పి చూడాలి. వద్దులే, తుడిచేస్తారు.

అత్తయ్య వేసింది తప్పు కాదు, తక్కువ. అయిదు తక్కువ.

రేపు కూడా సెలవే. చిన్నదాని క్లాసు పిల్ల ఒకతె ఇంటికొస్తానంది, ఎలాగూ ఒక కవరు పెట్టాలి. పది నోటు ఉంది, బిళ్ళ ఫ్రిజ్ మీద ఉంది. అయిదు నోటు కోసం అన్ని జేబులూ వెతికితే ఈయన షార్ట్స్‌లో ఒకటి దొరికింది, వాషింగ్ మెషీన్లో రెండు మూడు స్నానాలు చేసినట్టుంది. ఆంగ్‌పావ్‌లో నలిగిన నోటు పెడితే చిన్నది మళ్ళీ వేలు చూపిస్తుంది. ఇస్త్రీ చేద్దామంటే ఇక్కడి నోట్లు ప్లాస్టిక్, ముడుచుకుపోతాయి. బియ్యం డబ్బా కింద పెట్టాను. బిళ్ళ మాత్రం ముట్టుకోలేదు. అది అత్తయ్యే తియ్యాలి.