ముందు సీటు ఎవరికి?

దుబాయ్‌లో గేటు దగ్గర బోర్డింగ్ పాస్ స్కాన్ చేయగానే మెషిన్ బీప్ మంది. ఇంకో పాస్ చేతిలో పెట్టారు. ఎకానమీ టికెట్‌ని బిజినెస్ క్లాస్‌కి మార్చారట, నా ఒక్కడికే! పక్కన అత్తయ్య, మా ఆవిడ. డాలస్‌కి దాదాపు 16 గంటలు.

తరచూ ప్రయాణించి మైళ్లు (ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) పోగేసింది నేను కాబట్టి సిస్టమ్ లెక్కలో ఆ సీటు నాదే. కానీ అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. అందుకే “ఈ సీటు ఆవిడకి ఇవ్వగలరా?” అని అక్కడే అడిగాను. విమానం ఎక్కాక మనలో మనం క్లాసు మార్చుకుంటామంటే సిబ్బంది చాలావరకు ఒప్పుకోరు. ఇక్కడ సరేనన్నారు, అన్ని ఎయిర్‌లైన్లూ అనవు లెండి.

ఒప్పుకోనిది అత్తయ్యే! “నాకొద్దు బాబూ, మీరే వెళ్లండి. ఒక్కదాన్నే అక్కడేం చేస్తాను? ఆ బటన్లు నాకేం తెలుసు?” అని ఒకటే మొహమాటం. మా ఆవిడ కళ్లజోడు, మందుల డబ్బా, శాలువా చేతిలో పెట్టి దాదాపు తోసినంత పని చేసింది.

పసిపిల్లతో భార్యని వెనక వదిలేసి ముందుకెళ్లి కూర్చునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కొలీగ్స్‌తో వెళ్తుంటే మాత్రం ఇంత ఆలోచన అక్కర్లేదు. ఓ మాట చెప్పి హాయిగా వెళ్లిపోవచ్చు.