ప్రెప్ ఎవరికి రాస్తున్నారు?

అట్లాంటాలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మొదట ఉత్తరాన, మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే జాన్స్ క్రీక్ దగ్గర చేశాను. ఇప్పుడు దక్షిణాన, క్లేటన్ కౌంటీలో.

ప్రెప్ అంటే హెచ్‌ఐవీ లేనివాళ్ళు అది సోకకుండా ముందుగానే వేసుకునే మందు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబిన్ కలిసిన మాత్ర, రోజుకు ఒకటి. అమెరికాలో మందులకు అనుమతినిచ్చే ఎఫ్‌డీఏ 2012లోనే దీన్ని ట్రువాడా పేరుతో అనుమతించింది. క్రమంగా వేసుకుంటే లైంగికంగా సోకే ప్రమాదం 99 శాతం దాకా తగ్గుతుంది. జాన్స్ క్రీక్‌లో దీన్ని తీసుకెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళే. షుగర్ మాత్రలకు వచ్చినంత మామూలుగా వచ్చేవాళ్ళు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది నల్లజాతివాళ్ళు. హెచ్‌ఐవీ చికిత్స మందులు రోజూ ఇస్తున్నాను. ప్రెప్ ప్రిస్క్రిప్షన్ మాత్రం అరుదుగా కనిపిస్తుంది.

ఇది నా కౌంటర్ దగ్గరి సంగతి ఒక్కటే అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2022కి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వేసిన లెక్క చూడండి. ప్రెప్ వల్ల మేలు జరిగే తెల్లవాళ్ళలో 94 శాతం మందికి ప్రిస్క్రిప్షన్ అందింది. లాటినోల్లో 24 శాతం మందికి. నల్లజాతివాళ్ళలో 13 శాతం మందికే. జనాభాలో దాదాపు ఎనిమిదో వంతే ఉన్న నల్లజాతివాళ్ళు కొత్త హెచ్‌ఐవీ కేసుల్లో మూడో వంతుకు పైగా ఉన్నారు. దేశం మొత్తం కొత్త కేసుల్లో దాదాపు సగం మా దక్షిణాది రాష్ట్రాలవే.

మనవాళ్ళ ఇళ్ళలో భోజనాల దగ్గర ఈ మాట ఎత్తితే "వాళ్ళు జాగ్రత్తగా ఉండరండీ" అనేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. నల్లజాతి గే యువకులు తెల్లవాళ్ళ కన్నా ఎక్కువ రిస్కు తీసుకోవడం లేదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. వాళ్ళు కలిసే మనుషుల్లో వైరస్ ఉన్నవాళ్ళు ఎక్కువ, వాళ్ళలో చికిత్స అందినవాళ్ళు తక్కువ. అందుకే ఎంత జాగ్రత్తగా ఉన్నా వీళ్ళకు ముప్పు ఎక్కువ.

పోనీ, మాత్ర ఖరీదా? ఒకప్పుడు అవును, నెలకు 2,000 డాలర్ల దాకా ఉండేది. 2021లో జెనరిక్‌లు వరుసగా వచ్చాక కూపన్‌తో 30 డాలర్లకే దొరుకుతోంది. అయితే మాత్ర చేతికి రావాలంటే ముందు హెచ్‌ఐవీ పరీక్ష, కిడ్నీ పరీక్ష చేయించుకోవాలి. ఆ తర్వాత కూడా మూడు నెలలకోసారి డాక్టరు, రక్తపరీక్ష. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళలో చాలామందికి ఇదంతా ఉచితం. లేనివాళ్ళకో? పేదవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్ మెడికెయిడ్‌ని జార్జియా పూర్తిగా విస్తరించలేదు. టెక్సస్, ఫ్లోరిడా, అలబామా, మిసిసిపీ కూడా అంతే. గంటల లెక్కన జీతం తీసుకునే మనిషి ఒక పూట పని మానుకుని, రెండు బస్సులు మారి క్లినిక్‌కి వెళ్తే, చివరికి చేతికొచ్చేది ల్యాబ్ బిల్లు.

అన్నీ ఉన్నా అందని సందర్భాలే నన్ను ఎక్కువ బాధపెడతాయి. ఒకావిడ భర్తకు హెచ్‌ఐవీ అని అప్పుడే తెలిసింది, మందులు మొదలుపెట్టి వారమే. ఆయన వైరస్ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా ఈవిడకు ప్రెప్ కావాలి. అడిగితే ఆవిడ డాక్టరు "అది గే మగవాళ్ళ మందు, నీకెందుకు" అన్నారట. కౌంటర్ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి నన్ను అడిగింది, నిజమేనా అని. కాదమ్మా అన్నాను. అమెరికాలో కొత్తగా హెచ్‌ఐవీ సోకే ఆడవాళ్ళలో దాదాపు సగం మంది నల్లజాతివాళ్ళే. ప్రెప్ రాసే ఇంకో క్లినిక్ నంబరు ఇచ్చి, అక్కడే ఫోన్ కలిపి అపాయింట్‌మెంట్ ఇప్పించాను. ఆ డాక్టరు మాట ఊరికే పుట్టుకొచ్చింది కాదు. 2019లో డెస్కోవీ అనే రెండో ప్రెప్ మాత్ర వచ్చినప్పుడు దాని ట్రయల్‌లో ఇలాంటి ఆడవాళ్ళను చేర్చుకోనేలేదు, అందుకే వాళ్ళకు అనుమతీ రాలేదు.

పెద్దవయసు వాళ్ళు కొందరు కొత్త మందు అనగానే అనుమానంగా చూస్తారు. చూడరా మరి! ఇక్కడికి రెండు గంటల దూరంలోనే, అలబామాలో టస్కీగీ అనే ఊరు ఉంది. 1932 నుంచి 1972 దాకా అక్కడ సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్ళకు, పెన్సిలిన్ వచ్చాక కూడా, ప్రభుత్వమే చికిత్స ఇవ్వకుండా గమనిస్తూ కూర్చుంది.

ఇప్పుడు ప్రెప్‌గా ఆరు నెలలకోసారి వేసే లెనకాపవిర్ ఇంజెక్షన్ వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన ట్రయల్‌లో అది తీసుకున్న 2,134 మంది అమ్మాయిల్లో ఒక్కరికీ వైరస్ సోకలేదు. 2025 జూన్‌లో అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు. మన హైదరాబాద్ కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో 2027 నుంచి దాన్నే 120 దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు ఇస్తామన్నాయి. ఆ 120లో అమెరికా లేదు. క్లేటన్ కౌంటీలో ఇన్సూరెన్స్ లేనివాళ్ళ దాకా అది ఎప్పుడొస్తుందన్నదే నా దిగులు.

జార్జియాలో ఫ్యామిలీ ప్రాక్టీస్ చేస్తున్న తెలుగు డాక్టర్లు చాలామందే ఉన్నారు. ఈ పోస్ట్ మీ కంటపడితే ఒక్క మాట. మొహం చూసి ఊహించుకోకుండా, వయసొచ్చిన ప్రతి ఒక్కరినీ ప్రెప్ గురించి అడగండి. హెచ్‌ఐవీ టెస్ట్, కిడ్నీల కోసం క్రియాటినిన్ టెస్ట్ అదే రోజు చేయించి, జెనరిక్ పేరుతోనే రాసి పంపండి. ఇన్సూరెన్స్‌తో, కూపన్లతో తంటాలు మేం పడతాం.