బాపు పేరులో నాలుగక్షరాలు

బాపు, అంటే మా నాన్న, పోయింది హన్మకొండలో, ఓ ప్రైవేటు ఆసుపత్రిలో. మా ఇల్లు పరకాలలో. మరణ ధ్రువీకరణ పత్రం తీసుకునేటప్పుడు ఈ తేడా ఎంత ముఖ్యమో తెలియక రెండు రోజులు ఊరికే తిరిగాను.

పెద్దకర్మ అయిన మర్నాడే పరకాల మున్సిపాలిటీకి పోయాను. ఇంటి పన్ను అక్కడే కడతాం, ఓటు అక్కడే, నల్లా బిల్లు అక్కడే, కాబట్టి డెత్ సర్టిఫికెట్ కూడా అక్కడే ఇస్తారని నా లెక్క. మొదటిరోజు సెలవని తెలియక పోయి వచ్చాను. రెండో రోజు గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దాయన నా చేతిలో కాగితాలు చూసి, “పాణం ఏడ పోయింది తమ్మీ?” అని అడిగాడు.

“హన్మకొండల.”

“అయితే గాడనే. ఇల్లు ఏడున్నా లెక్క లేదు, పాణం పోయిన జాగ లెక్క.”

తర్వాత చదివితే 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం చెప్పేదీ అదే. మనిషి ఎక్కడి వాడైనా, మరణం జరిగిన చోటి రిజిస్టర్‌లోనే ఎక్కాలి. ఆసుపత్రిలో పోతే ఆసుపత్రి వాళ్లే రాసి పంపాలి. ఇంట్లో పోతే ఇంటి పెద్ద చెప్పాలి. గడువు 21 రోజులు. మన దగ్గర పెద్దకర్మ అయ్యేదాకా ఎవరూ ఏ కాగితం ముట్టుకోరు, ఆ తర్వాత చుట్టాలను సాగనంపేసరికే పక్షం దాటుతుంది. ఇంకో వారం ఏమరిస్తే గడువు పోయినట్టే. 30 రోజుల్లోపు అయితే ఆలస్యపు రుసుముతో సరిపోతుంది. ఆపైన అనుమతి కావాలి. ఏడాది దాటిందా, మెజిస్ట్రేటు అధికారాలున్న అధికారి ఉత్తర్వు లేనిదే పేరు ఎక్కదు. మా గల్లీలో ఒకాయన ఇంట్లోనే పోతే, కొడుకులు మూడేళ్లు పట్టించుకోలేదు. భూమి పేరు మార్పిడి దగ్గర అవసరం పడి, ఆర్డీవో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్కే లేదు.

మాకు ఆ బాధ లేదు. ఆసుపత్రి వాళ్లు వివరాలు పంపేశారట. హన్మకొండ పోనవసరం లేదు, మీ సేవలో తీసుకోవచ్చని ఆ పెద్దాయనే చెప్పాడు. బస్టాండు దగ్గరి మీ సేవలో కూర్చున్న పిల్లగాడు బాపు పేరు కొట్టి వెతికాడు. రాలేదు. మళ్లీ కొట్టాడు. రాలేదు. “ఎక్కించలేదేమో అన్నా” అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది. చివరికి పేరు తీసేసి, తేదీ పెట్టి వెతికితే దొరికింది.

దొరికింది కానీ పేరు వేరు. బాపు పేరు చివర “అయ్య” వస్తుంది. తెలుగులో రాస్తే ఒక్కటే అయ్య. ఇంగ్లిష్‌లోకి పోతే మన వైపు అయ్యలకు ఎన్ని వేషాలో! ఆధార్‌లో చివరి నాలుగక్షరాలు ఏ, ఐ, ఏ, హెచ్. సర్టిఫికెట్‌లో ఏ, వై, వై, ఏ. చదివితే రెండూ ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం వీళ్లు ఇద్దరు మనుషులు.

అవ్వకు, అంటే మా అమ్మకు, పింఛన్ కావాలి. బాపుకు నెలనెలా 2,016 రూపాయల వృద్ధాప్య పింఛన్ వచ్చేది. ఇప్పుడది అవ్వ పేరు మీదికి మారాలంటే డెత్ సర్టిఫికెట్ పెట్టాలి. పేర్లు కలవకపోతే దరఖాస్తు ముందుకు పోదని తెలిసినవాళ్లు ముందే చెప్పారు. బ్యాంకు ఖాతాదీ అదే కథ. మా వార్డు వాట్సాప్ గ్రూపులో అడిగితే తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన ఆధార్‌నే మార్చుకోమన్నాడు. చనిపోయిన మనిషి వేలిముద్ర ఎక్కడి నుంచి తేవాలో మాత్రం చెప్పలేదు.

సరే, తప్పు జరిగింది ఆసుపత్రిలోనే కదా అని కోపంగా హన్మకొండ బస్సెక్కాను. గూడెప్పాడ్ దాటేదాకా ఏమేం అనాలో మనసులో తయారు చేసుకుంటూనే ఉన్నాను. రికార్డుల గదిలో ఉన్న అమ్మాయి చాలా నెమ్మదస్తురాలు. నేను గొంతు పెంచినా తను పెంచలేదు. ఫైలు తీసి మొదటి కాగితం నా వైపు తిప్పింది. అడ్మిషన్ ఫారం. నీలం పెన్ను. ఏ, వై, వై, ఏ.

అది నా చేతిరాత.

రాత్రి రెండు దాటాక, బాపును లోపలికి తీసుకుపోయాక, కౌంటర్ దగ్గర నిలబడి రాసింది. ఆధార్ ఇంట్లో మరిచిపోయి వచ్చాను. పేరు ఎట్లా వినపడితే అట్లా రాసేశాను. దాన్ని చూసే వాళ్లు మరణ నివేదిక నింపారు, దాన్ని చూసే వరంగల్ మున్సిపల్ కార్పొరేషన్‌లో (హన్మకొండ దాని కిందికే వస్తుంది) ఎక్కింది. మధ్యలో ఎవరూ తప్పు చేయలేదు. ఆ అమ్మాయికి సారీ చెప్పాను. “పర్లేదు సార్, వారానికి ఇద్దరన్నా వస్తరు” అని, ఆసుపత్రి తరఫున ఒక లెటర్ టైపు చేసి ముద్ర కొట్టి ఇచ్చింది.

తర్వాత నోటరీ. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్. అక్కడ ఇంకో చిక్కు, జిల్లా ఏది రాయాలి? బాపు ఆధార్‌లో వరంగల్ అని ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడగొట్టినప్పుడు పరకాల వరంగల్ రూరల్‌లోకి పోయింది, ఆ తర్వాతి కాగితాల్లో అట్లా ఉంది. 2021లో హన్మకొండ జిల్లాలోకి వచ్చింది. బాపు కట్టిన ఇల్లు అంగుళం జరగలేదు, జిల్లాలు మాత్రం మూడయ్యాయి. నోటరీ ఆయన ఏమాత్రం తడుముకోకుండా “ప్రస్తుతం హన్మకొండ, గతంలో వరంగల్” అని కొట్టించాడు. రోజూ రాసే వాక్యమే కాబోలు.

కార్పొరేషన్‌లో అవ్వ సంతకం అడుగుతారేమో అని ఆమెనూ తీసుకుపోయాను. కాగితాలు చూసిన మేడంను నేను ఒకటే అడిగాను, పాత పేరు కొట్టేస్తారా అని. కొట్టేయరట. ముందు రాసింది ముందు రాసినట్టే ఉంటుంది. మార్పును పక్కన మార్జిన్‌లో రాసి, తేదీ వేసి, రిజిస్ట్రార్ సంతకం పెడతారట. చట్టంలోనే అట్లా ఉందట. అంటే ఆ రాత్రి నేను రాసిన నాలుగక్షరాలు అక్కడ ఎప్పటికీ ఉంటాయన్నమాట. ఎందుకో నాకు అది నచ్చింది.

కొత్త సర్టిఫికెట్ కోసం ఇంకోసారి పోవాల్సి వచ్చింది. ఈసారి కౌంటర్ ముందే నిలబడి ఆధార్ పక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకున్నాను. బ్యాంకుకు, పింఛన్‌కు, ఇంటి పన్ను పేరు మార్పుకు, ఎవరికి వారు ఒరిజినల్ చూపించమంటారని ఒకేసారి నాలుగు కాపీలు తీసుకున్నాను. మీరూ అట్లనే చేయండి. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు ఏది మరిచినా ఆధార్ మరవకండి, కనీసం ఫోన్‌లో ఫొటో అయినా ఉంచుకోండి.

తిరుగు బస్సులో కండక్టర్ జీరో టికెట్ కోసం “ఆధార్ చూపెట్టమ్మా” అన్నాడు. అవ్వ ఒళ్లోని ప్లాస్టిక్ కవర్ విప్పి ఒక కార్డు తీసి ఇచ్చింది. ఆయన కార్డు వైపు చూసి, అవ్వ వైపు చూసి, “గిది పెద్దమనిషిది కదమ్మా” అన్నాడు. అవ్వ ఏమీ అనలేదు. కార్డు తీసుకుని, కొంగుతో తుడిచి, కవర్లో అడుగున పెట్టి, తనది తీసి ఇచ్చింది.

పింఛన్ కాగితాలు తర్వాతి సోమవారం ఇచ్చాం. ఇంకా రాలేదు. రసీదు ఆ కవర్లోనే ఉంది.