ఇంటిపేరు నుంచి పాత ఎముకల దాకా: వై హాప్లోగ్రూప్ ఎలా చూడాలి

కోనసీమలో ఇంటిపేరూ, మగవాళ్లకే ఉండే వై క్రోమోజోమూ తండ్రి నుంచి కొడుక్కి కలిసే వస్తాయి. దత్తత జరిగిందా, రెండింటి దారులూ వేరు. అందుకే మీ వై హాప్లోగ్రూప్, అంటే తండ్రి వరస వంశవృక్షంలో మీ కొమ్మ, తేల్చే డీఎన్‌ఏ పరీక్షకి ముందే నాలుగు తరాల మగవాళ్ల పేర్లు పెద్దల్ని అడిగి రాసుకోండి.

ఆ కొమ్మని పాత ఎముకలతో పోల్చాలంటే, మన డెల్టా వేడికీ తేమకీ వాటిలో డీఎన్‌ఏ నిలవదు. పోలికకు పాకిస్తాన్‌లోని స్వాత్ లోయ, ఇరాన్, మధ్య ఆసియా నమూనాలే దిక్కు. 2019లో అచ్చైన రాఖీగఢీ (హర్యానాలోని హరప్పా నాటి ఊరు) జీనోమ్, అంటే మొత్తం డీఎన్‌ఏ, స్త్రీది, అందులో వై ఉండదు. కొమ్మ కలిసినా ఆ అస్థిపంజరం మీ తాతది అనుకోకండి; ఇద్దరికీ ఇంకా పాత మూలపురుషుడు ఒకడున్నాడని మాత్రమే అర్థం.

ఆ నమూనాల్లో చదివిన డీఎన్‌ఏ ముక్కలు (రీడ్‌లు) ఉండే బామ్ ఫైళ్లు యూరోపియన్ న్యూక్లియోటైడ్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండాగారంలో దొరుకుతాయి. ముందు ఆ ఫైలు స్థానాల లెక్క మానవ జీనోమ్ నమూనా కూర్పుల్లో హెచ్‌జీ19దా, హెచ్‌జీ38దా చూసుకోండి, లేకపోతే స్థానాలన్నీ తప్పుతాయి.

అసలు చిక్కు ఇక్కడే. డీఎన్‌ఏని ఏ, సీ, జీ, టీ అనే నాలుగు అక్షరాలతో రాస్తారు. పాత డీఎన్‌ఏ ముక్కల చివర సీ పాడై టీగా, ఎదుటి పోగులో జీ ఏగా కనిపిస్తాయి. ఆర్1ఏ అనే హాప్లోగ్రూప్‌లోని ఓ చిన్న కొమ్మని గుర్తించే మార్కర్ (వై మీద ఒక అక్షరం మార్పు) జెడ్93 కూడా జీ నుంచి ఏ మార్పే! ఒక్కటే రీడ్ ఉండి, ఆ అక్షరం ముక్క చివర్లో పడితే నమ్మొద్దు. దాని పైకొమ్మ ఆర్1ఏ మార్కర్ ఎం420 చూడండి. అది టీ నుంచి ఏ, ఈ పాడుతో రాదు. అక్కడ మార్పుకు ముందున్న టీయే ఉంటే జెడ్93ని పక్కన పెట్టేయండి. రీడే లేని చోట మాత్రం ‘మార్కర్ లేదు’ అని కాక, ఖాళీ అని రాసుకోండి.