పచ్చ నీళ్లు, ఎండు వేపపువ్వు

మార్చి 14, శనివారం

పొద్దున ఆరింటికి లేచి చూస్తే చిన్నది అప్పటికే తయారై సోఫాలో కూర్చుంది. చిలకాకుపచ్చ పట్టు పరికిణీ, కింద థర్మల్స్, పైన వాళ్ల నాన్న స్వెటర్. ఆకుపచ్చ వేసుకోకపోతే గిల్లుతారట, స్కూల్లో చెప్పారట. ఐర్లాండ్ వాళ్ల పండగ సెయింట్ ప్యాట్రిక్స్ డే మంగళవారం కదే, ఇవాళ ఎవరు గిల్లుతారు అంటే వినదు. 17వ తారీకు ఏ వారం వచ్చినా షికాగోలో నదికి ఆకుపచ్చ రంగేయడం, ఊరేగింపు శనివారమే. 17 శనివారం కాకపోతే ముందొచ్చే శనివారం కానిచ్చేస్తారు. ఈ పద్ధతి మనకి కొత్తేం కాదు. గురువారం ఉగాది వస్తోంది, మనవాళ్ల ఫంక్షన్ మాత్రం ఆ తర్వాతి శనివారం, హైస్కూల్ ఆడిటోరియంలో. హాలు ఎప్పుడు ఖాళీ ఉంటే అప్పుడే పాడ్యమి.

మా ఆయనకి ఆన్‌కాల్. కాబట్టి నేను, చిన్నది, మామయ్యగారు. నేపర్‌విల్‌లో రైలెక్కేసరికి పెట్టె నిండా ఆకుపచ్చ టోపీలు, పూసల దండలు. రైల్లో మందు తాగకూడదని నోటీసు పెట్టారు. అదేమిటో చదివి చెబితే "ఎనిమిదింటికే తాగేదెవరమ్మాయ్" అని నవ్వారు మామయ్యగారు. వెనక సీట్లో కుర్రాళ్ల కాఫీ కప్పుల్లోంచి వచ్చే వాసన పది నిమిషాల్లో ఆయన సందేహం తీర్చేసింది.

నది ఒడ్డు వెంట పోయే వ్యాకర్ డ్రైవ్ రోడ్డు పక్కన రెయిలింగ్ దగ్గర ఎలాగో ముగ్గురికి చోటు దొరికింది. పదింటికి పడవలొచ్చాయి. ఒక పడవలో వాళ్లు జల్లెడలతో పొడి చల్లుతుంటే, ఇంకోటి వెనకాలే వంకర్లు తిరుగుతూ నీళ్లు కలుపుతోంది. నేను ఇన్నేళ్లుగా గమనించని సంగతి ఏమిటంటే ఆ పొడి ఆకుపచ్చ కాదు, నారింజ రంగు. నీళ్ల మీద పడ్డ చోట కాసేపు తుప్పు మరకలా ఉండి, పడవ దాని మీంచి పోగానే భగ్గుమని పచ్చబడింది. పారాణికి పసుపులో సున్నం కలుపుతుంటే చేతికిందే రంగు తిరిగిపోతుందే, అచ్చం అలా. చిన్నది అరిచిన అరుపుకి పక్కావిడ కాఫీ ఒలకబోసుకుంది.

"చేపలు చావవూ?" అన్నారు మామయ్యగారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు, నీళ్లు చూస్తే ఊరుకోలేరు. కూరగాయల నుంచి తీసిన రంగేలెండి, ఫార్ములా మాత్రం బయటికి చెప్పరు అన్నాను. దీన్ని మొదలుపెట్టింది ప్లంబర్ల యూనియన్. మొదట్లో వాడింది వేరే రంగు, మురుగు ఎక్కడినుంచి నదిలోకి వస్తోందో కనిపెట్టడానికి గొట్టాల్లో పోసేది. 1962లో పండగకి దాన్నే నదిలో కుమ్మరించారు, నూరు పౌండ్లు. వారం రోజులు పచ్చగానే ఉండిపోయిందట. ఇప్పుడు అంత పోయడం లేదు. మామయ్యగారికి ఇది నచ్చింది. "గట్టుకి ఎలక బొక్క పడితే మేమూ ఊక పోసి ఎక్కడ తేలుతుందో చూసేవాళ్లం" అన్నారు. తాగే నీళ్లున్న సరస్సులోకి మురుగు పోతోందని 1900లో కాలువ తవ్వి ఈ నదిని వెనక్కి పారేలా చేశారని చెప్పాక, ఆయన రంగు సంగతి వదిలేసి నది వాలు చూడ్డంలో పడ్డారు.

కాసేపటికి అడిగారు: "వీళ్లంతా ఆ దేశం వాళ్లేనా?"

మా ఎడం పక్క వాళ్లు స్పానిష్ మాట్లాడుతున్నారు. కుడి పక్క గుజరాతీ జంట. కాఫీ ఒలికినావిడ పోలిష్. పోలండ్ వాళ్లకి తమ వీరుడు పులాస్కీ పేరిట మార్చి మొదటి సోమవారం పులాస్కీ డే వేరే ఉంది ఇక్కడ. అసలు ఆ ప్యాట్రిక్ కూడా ఐర్లాండ్‌లో పుట్టినవాడు కాదు. బ్రిటన్ నుంచి పదహారేళ్లప్పుడు ఎత్తుకొచ్చి బానిసగా గొర్రెలు కాయిస్తే, పారిపోయి, మళ్లీ తనంతట తనే తిరిగొచ్చినవాడు.

ఈ మోతంతా ఐర్లాండ్ నుంచి వచ్చిందనుకునేదాన్ని చాలాకాలం. కాదు. బోస్టన్‌లో 1737లోనే ఈ పండగ చేశారు, న్యూయార్క్‌లో ఊరేగింపు 1762 నాటిది. ఐర్లాండ్‌లో సెలవు ఇచ్చిందే 1903లో. అక్కడ అది చర్చికెళ్లి వచ్చే రోజు. డబ్లిన్‌లో ఇప్పుడు చేసే పెద్ద ఉత్సవం 1996లో మొదలైంది.

1845లో బంగాళాదుంపకి తెగులు తగిలి అక్కడ కరువొచ్చింది. పది లక్షల మంది పోయారు, అంతకన్నా ఎక్కువమంది ఓడలెక్కారు. అప్పుడు కూడా అక్కడినుంచి ఇంగ్లండ్‌కి తిండిగింజలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఇది చెప్తే మామయ్యగారు నదికేసి చూస్తూనే "మన నందన కరువు 1832, 33. అదీ ఆ ఇంగ్లీషు వాళ్ల దొరతనమే. గుంటూరు సీమ సగం ఖాళీ అయిపోయాక కదా కృష్ణకి ఆనకట్ట వేసింది" అన్నారు. ఆయన జీతం వచ్చింది ఆ కాలువల మీదే. ఇంకేమీ అనలేదు.

ఇక్కడ దిగినవాళ్లకి ఐరిష్ వాళ్లయితే రావద్దని రాసిన ఉద్యోగ ప్రకటనలు ఎదురయ్యాయి. అందుకే నాకనిపిస్తుంది, ఊరేగింపు ఊరి మీద బెంగతో చేసింది కాదని. మేం ఇంతమందిమి ఉన్నాం, లెక్కపెట్టుకోండి అని వీధిలోకొచ్చి నడవడం అది. ఓట్లు లెక్క తేలాక పోలీసు, ఫైరు, సిటీ హాలు ఒక్కొక్కటే చేతికొచ్చాయి. నదికి మొదటిసారి రంగేసినప్పుడు మేయరు రిచర్డ్ డేలీ, ఆయనా ఐరిష్ కుటుంబం వాడే. ఇక్కడ ఇండియన్ కొట్లుండే డెవాన్ అవెన్యూలో మనవాళ్లు ఆగస్టులో స్వాతంత్ర్య దినానికి జెండాలతో నడిచేటప్పుడు ముందు వరసలో రాజకీయ నాయకులు ఎందుకుంటారో ఇవాళ ఇంకాస్త అర్థమైంది. ఇందులో తప్పేముంది అని కూడా అనిపించింది. నేనైతే ఎప్పుడూ పార్కింగ్ దొరకదని వెళ్లను, అది వేరే సంగతి.

మా ఆఫీసులో ఒక పెద్దాయన, ముత్తాత తండ్రి ఐర్లాండ్‌లోని కార్క్ నుంచి వచ్చాడట. ఈ వారమంతా లంచ్‌కి కార్న్డ్ బీఫ్ (ఉప్పులో ఊరేసిన గొడ్డు మాంసం), క్యాబేజీ. ఓసారి ఐర్లాండ్ వెళ్లి హోటల్లో అదే అడిగితే, వాళ్లు ఇతన్ని వింతగా చూసి పంది మాంసం తెచ్చిపెట్టారట. న్యూయార్క్‌లో ఐరిష్ వాళ్లు పక్కనుండే యూదుల దుకాణాల్లో కొనడం వల్ల అలవాటైన కూర అది. "నేను అక్కడ అమెరికన్‌ని, ఇక్కడ ఐరిష్‌ని" అని నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. ఇవాళ రైల్లో చిన్నది నా ఒళ్లో నిద్రపోతుంటే ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది. దీని మనవలు ఉగాది అంటే ఏం వండుతారో. మామిడికాయకి బదులు గ్రీన్ యాపిల్ వేసే ఇళ్లు ఇప్పటికే నాకు రెండు తెలుసు.

ఇంటికొచ్చేసరికి పరికిణీ అంచు బురద. ఉతకాలి, శనివారం డాన్సుకి అదే.

ఉగాది వాట్సాప్ గ్రూపులో పచ్చడి కౌంటర్‌కి మనుషులు కావాలని వారం నుంచి అడుగుతున్నారు, చూడనట్టు ఊరుకున్నాను. ఇవాళ రాత్రి పేరిచ్చాను. వెంటనే కిందనే ఇంకో మెసేజి: వేపపువ్వు ఎవరి దగ్గరుంది?

మామయ్యగారు రేపల్లె నుంచి తెచ్చిన ఎండు పువ్వు ఫ్రీజర్‌లో ఉంది. న్యూస్‌పేపర్ పొట్లం, మహా అయితే రెండు గుప్పిళ్లు. వచ్చేది ఆరొందల మంది.

"చిటికెడు వేస్తే చాలమ్మాయ్, చేదు తెలుస్తుంది" అంటారాయన. నాకు నమ్మకం లేదు.